పడుగులో మన్ను

ఖోర్ ఖ్వేర్ గని గుంత. నాలుగో నంబరు బండి.
ఖాళీగ దిగేటప్పుడు గుర్రం లెక్క దిగుతది.
నలభై టన్నుల సున్నపురాయి ఎత్తుకొని
రాంపు మీద సగం దూరం ఎక్కంగనే
ఎవరో గొంతు పట్టినట్టయితది.
ఎక్సలేటర్ అడుగు దాకా తొక్కినా
ముల్లు పదమూడు వందల కాడ్నే
ఊగుతది, ఊగుతది, పడిపోతది.

దౌలత్ ఖాన్ దిగి టైర్ల కింద రాళ్లు పెట్టి
"యారా, ఇది ముసల్దయింది" అంటడు.
నాలుగేండ్ల బండి, ముసల్దెట్లయితది?

పొగ చూసిన. నల్లగ లేదు.
తిండి ఎక్కువై కక్కుతలేదిది,
తిండే అందుతలేదు.

ఫోర్మన్ కురువిల్లా ఫోన్ల టర్బో అన్నడు,
ఇంజెక్టర్లన్నడు,
ఆఖరికి డ్రైవర్ అన్నడు.
ట్రిప్పులు తక్కువైతే జీతంల కోత.
మూడు వారాలసంది ఖాన్‌కు కోతే.

నేను ఇరవై ఏండ్లు నిండేదాక
సిరిసిల్లల సాంచల మోతలో పెరిగినోణ్ణి.
పోగు తెగితే మా నాయిన సాంచను తిట్టలే,
ముందుగాల నూలు చూసేటోడు,
రెండు వేళ్ల నడుమ నలిపి, వాసన పట్టి.

బెల్టు పానతోని ఫిల్టర్ ఊడదీసిన.
బరువు. తడిసిన బొంత అంత బరువు.
డబ్బా కోసిన.
లోపల కాగితం, మడత మీద మడత,
గుండ్రంగ దోపిన కుచ్చిళ్ల లెక్క,
గానుగ కింద మిగిలిన తెలకపిండి రంగుల.
వేలు పెడితే జిగురు.
నీళ్లకూ డీజిల్‌కూ నడుమ సందుల
పుట్టి పెరిగే నాచు అది.

సముద్రం పక్కన ఊరు కదా.
ఆగస్టు రాత్రి ఇక్కడ గాలే సగం నీళ్లు.
సగం ఖాళీ ఉన్న క్యాంపు ట్యాంకు
తెల్లారేదాక లోలోపలనే చెమట పడుతది.
ఆ చెమట ఇనుప గోడల మీది నుంచి దిగి
అడుగున కూసుంటది. ఎవరూ వంచి పారబొయ్యరు.

మడతలు విప్పి బల్ల మీద పరిచిన.
రెండు బారలు దాటింది.
ఇంత బట్టను ఇంత డబ్బాల కుక్కి
ఎంత మన్ను ఆపమన్నరు దీన్ని!
పాడైందని దీన్ని తిట్టొద్దు.
ఆపమన్నది ఆపింది.
ఆపీ ఆపీ తనే అడ్డమైంది.

కొత్తది బిగించి, గాలి మర సగం వదులు జేసి
చేతి పంపు ఒత్తుడు మొదలువెట్టిన.
మొదట నురుగు. తర్వాత బుడగలు.
బుడగ, డీజిల్, బుడగ...
బొటనవేలు మొద్దుబారినంక
తెగని దారంలెక్క ఒక్క తీరుగ వచ్చింది.
మర బిగించి ఖాన్‌కు సైగ చేసిన.
దగ్గింది. ఆగింది. మళ్ల దగ్గింది.
అందుకుంది.

రాయెత్తుకొని పైకి పోతుంటే
గుంతలకెల్లి చప్పుడే విన్న, చూడలే.
మలుపు కాడ మామూలుగ ఏడ్చే తావుల
ఏడ్వకుంట పోయింది.

సాయంత్రం కురువిల్లా రిజిస్టర్ తోసిండు:
"డ్రైవర్ నిర్లక్ష్యం, రాసి సంతకం పెట్టు."
రెండు వందల యాభై గంటలకు మార్చాల్సిన ఫిల్టర్
ఎనిమిది వందలు దాటింది.
ఫిల్టర్ ఖర్చు తగ్గించిండని
పోయిన్నెల మెప్పు పొందింది ఆయననే.
ఇంగ్లీషు నాకు తక్కువ.
అంకెలొస్తయి. నీళ్లు అనే మాటొస్తది.
అవే రాసిన.

క్యాంపు ట్యాంకు అడుగు నుంచి ఒక సీసా పట్టిన.
కింద నీళ్లు, పైన డీజిల్,
నడుమ మీగడ తీరుగ గోధుమ రంగు పొర.
ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టిన.
ఆయన గ్లాసు దూరం జరిపిండు,
సీసాను జరపలే.

ఖాన్ కోత పైసలు వాపసొస్తయో రావో తెల్వది.
కాగితం ముక్క ఇంకా తీగ మీద ఆరుతున్నది,
అద్దకం చెడిన బట్టలెక్క.
అదే ట్యాంకు తాగే ఐదో నంబరు బండి
ఇయ్యాల పొద్దుగూకంగ
రాంపు నడుమ ఒక్కసారి
ఊగింది.